విభక్తుల కొలబద్ద

అమెరికాలో మా క్యారీ ఊళ్లో తెలుగువాళ్ల పాట్‌లక్ విందుకి వెళితే, ప్లేటులో పులిహోర పడేలోపే మొదటి ప్రశ్న పడుతుంది. “ఆంటీ, మీరు ఏ డొమైన్‌లో వర్క్ చేసేవారు?” ఉజ్బెక్ భాషలో విభక్తి ప్రత్యయాలు అని చెబుతాను. మర్యాదస్తులు తల ఊపి పెరుగన్నం వైపు జరిగిపోతారు. ఒక కుర్రాడు మాత్రం నిలబడి, “అది ఏ ప్లాట్‌ఫామ్ మీద రన్ అవుతుంది ఆంటీ?” అన్నాడు. నాలుక మీద నాయనా, అన్నాను. పాపం, ఇంటికెళ్లి ఫోన్‌లో వెతికే ఉంటాడు.

అతన్ని అని లాభం లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు బతికాను. మా తెనాలి నుంచి నాతోపాటు విమానం ఎక్కినవాళ్లంతా కంప్యూటర్ల వైపు వెళితే నేను భాషాశాస్త్రం చదవడానికి వచ్చాను. తెలుగు మీద పరిశోధన చేస్తానంటే మా ప్రొఫెసర్ జాలిగా చూసి, తెలుగుకు ఫెలోషిప్ లేదు, ఉజ్బెక్‌కు ఉంది అన్నారు. అప్పటికి ఉజ్బెకిస్తాన్ మ్యాప్‌లో ఎక్కడుందో కూడా నాకు తెలియదు. ఫెలోషిప్ ఉన్నచోటే జ్ఞానపిపాస పుడుతుందన్నది అమెరికా నాకు నేర్పిన మొదటి పాఠం.

ఆ భాష మీద ప్రేమ మాత్రం ఫెలోషిప్‌తో వచ్చింది కాదు, ఊరికే పుట్టుకొచ్చింది. మనలాగే వాళ్లూ మాట చివర తోకలు తగిలిస్తారు. మనకు ఇల్లు, ఇంట్లో, ఇంటినుంచి. వాళ్లకు ఇంకో తోక ఎక్కువ. అది ఎవరి ఇల్లో కూడా ఆ మాటకే అతుక్కుంటుంది. ఉయ్ అంటే ఇల్లు, ఉయిమ్ అంటే నా ఇల్లు, ఉయిమ్‌దా అంటే నా ఇంట్లో. నాదీ నీదీ అన్న తగువంతా మాట పూర్తయ్యేలోపే తేలిపోతుంది. మందుల కంపెనీలో పనిచేసే మా ఆయన స్నేహితులకు నన్ను పరిచయం చేస్తూ, “మా ఆవిడది తోకల డిపార్ట్‌మెంట్” అనేవారు. ఆ తోకలతోనే మా ఇంటి అప్పు సగం తీరిందని నేను గుర్తుచేసేదాన్ని.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు, ఆ తోకల డిపార్ట్‌మెంట్‌లో జరిగిన ఒక్క సంగతి చెప్పాలనుంది. పేర్లు రాయను. కొందరు ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నారు, వాళ్ల జీతాలతో నాకు పేచీ లేదు.

నేను పనిచేసింది భాషా పరీక్షలు పెట్టే ఒక సంస్థలో. ఎవరికి ఏ భాష ఎంత వచ్చో కొలిచి సర్టిఫికెట్ ఇస్తాం. ఆస్పత్రులూ కోర్టులూ దుబాసీలను పెట్టుకునే ముందు ఆ సర్టిఫికెట్ అడుగుతాయి. అభ్యర్థి కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడితే, ఆ రికార్డింగు పేరు లేకుండా ఇద్దరు రేటర్లకు వెళుతుంది. వాళ్లు విని, ఒకటి నుంచి అయిదు దాకా ఏదో ఒక మెట్టు మీద నిలబెడతారు. ఉజ్బెక్‌కు ఆ మెట్ల పట్టిక తయారుచేసింది నేనే. ఆరు విభక్తులు, వాటికి ముందు వచ్చే ‘ఎవరిది’ అన్న తోకలు, ఏది ఎంత నికరంగా పలికితే ఏ మెట్టు, అన్నీ రంగురంగుల గళ్లలో ఉండేవి. మిగతా భాషలవాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లేవారు. ఆ పట్టిక అంటే నాకు ఇప్పటికీ గర్వమే. తరవాత జరిగినదానికి పట్టికను తిట్టేవాళ్లతో నేటికీ వాదనకు దిగుతాను. కత్తిపీట పదునుగా ఉండటం కత్తిపీట తప్పు కాదు.

రేటర్లూ మనుషులే గనక ఒకరోజు ధర్మరాజుల్లా, ఒకరోజు పిసినారుల్లా మార్కులు వేస్తారు. అలా జరగకుండా మా ఆఫీసులో ఒక ఆచారం పెట్టారు. ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు ఒక భాష రేటర్లందరూ ఒకే రికార్డింగు వినాలి. అయిదో మెట్టు అంటే ఇదీ అని చెవులకు గుర్తుచేసే రికార్డింగు. దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. నేనూ, ఆఫీసులో ఉన్న మరో తెలుగు మనిషి మా డేటా మేనేజరూ, దాన్ని కొలబద్ద అనేవాళ్లం. 

ఉజ్బెక్ కొలబద్ద ఒక ఆడ గొంతు. “మా అమ్మ ఇంటి వాకిట్లో ద్రాక్ష పందిరి ఉంది” అని మొదలవుతుంది. పందిరి కింద మంచం, మంచం మీద పరుపులు, గోడ వారన రొట్టెల పొయ్యి, అన్నీ వరసగా చెబుతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య, పాఠం చెప్పే టీచరులా “ఖోప్” అంటుంది. సరే, అని అర్థం. ఒక్క ప్రత్యయం జారదు. ఇంట్లో సుప్రభాతం వినడం మానేశాను గాని ఆఫీసులో ఆ ఖోప్ మాత్రం మానలేదు. ఆమె ఎవరో మాకెవరికీ తెలియదు. పరీక్ష తయారుచేసే రోజుల్లో బయటి ఏజెన్సీవాళ్లు పంపిన పేరులేని గొంతుల బుట్టలోంచి ఏరి పట్టుకున్న గొంతది. ఏరింది నేనే.

ఇలా ఏళ్లు గడిచాక ఒక చలికాలంలో ఉజ్బెక్ అభ్యర్థి ఒకరు అప్పీలు పెట్టుకున్నారు. ఆస్పత్రిలో దుబాసీ ఉద్యోగానికి అయిదో మెట్టు కావాలి, ఆ అభ్యర్థికి రెండోసారి కూడా మూడో మెట్టే వచ్చింది. ఇద్దరు రేటర్లూ ఒకటే మాట. అందులో ఒకతను మాజీ సైనికుడు. సైన్యంలో ఉండగా ఉజ్బెక్ నేర్చుకున్న అమెరికన్, మంచి మనిషి. ఎవరు ఎదురైనా ఉజ్బెక్‌ల పద్ధతిలో గుండె మీద చెయ్యి వేసుకుని పలకరిస్తాడు, ప్రింటర్ బాగుచేయడానికి వచ్చినవాణ్ణి కూడా. అతని ఉజ్బెక్ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది, ఎక్కడా ముడత ఉండదు. అభ్యర్థి గురించి అతను రాసిన వ్యాఖ్య నాకు కంఠతా వచ్చు. “కొలబద్ద గొంతును అనుకరించే ప్రయత్నం కనిపిస్తోంది. యాస బాగా దగ్గరికి వచ్చింది. కాని ఆ స్థాయి అందుకోలేదు.”

పర్యవేక్షకురాలిగా నేను చూడవలసింది గళ్లు మాత్రమే. రికార్డింగు వినకూడదు. వింటే నా అభిప్రాయం మారిపోయే ప్రమాదం ఉందని నియమం. గళ్లు సరిగ్గానే ఉన్నాయి. మన పుస్తకాల్లో ‘అమ్మ యొక్క ఇల్లు’ అని ఉంటుంది గాని, ఇంట్లో ఎవరైనా యొక్క అంటే దిష్టి తీస్తాం. తాష్కెంట్‌లోనూ మాట్లాడేటప్పుడు అలాంటి ఒక తోకను సగం మింగేస్తారు. నా పట్టికలో సగం మింగినా సున్నాయే. అభ్యర్థి వరసగా మింగుకుంటూ పోయింది. గళ్లన్నీ సున్నాలు. అప్పీలు తోసిపుచ్చుతూ సంతకం పెట్టాను.

నేను సంతకం పెట్టిన రెండో వారంలో ఆ అభ్యర్థి కారేసుకుని స్వయంగా మా ఆఫీసుకు వచ్చేసింది.

మా సంస్థలో ఇలా ఎవరూ రారు. అభ్యర్థులంటే మాకు నంబర్లు, నంబర్లకు కాళ్లుంటాయని ఎవరూ ఊహించలేదు. రిసెప్షన్ అమ్మాయి కంగారుపడి, ఎవరినీ కలవడం కుదరదని చెప్పింది. ఆమె సరేనని లాబీలో కూర్చుంది. మందపాటి కోటు, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, దాని మీద రెండు చేతులు. నేను కాఫీకని అటుగా వెళుతున్నాను. ఆమె ఫోన్‌లో కూతురితో ఉజ్బెక్‌లో అంటోంది. “ఖోప్. ఖోప్. లేదు, రాను. వాళ్లు మాట్లాడేదాకా ఇక్కడే ఉంటా.”

ఆ ఖోప్ వినగానే కాఫీ మాట మరిచి అక్కడే ఆగాను. ఇన్నేళ్లుగా ప్రతి ఉదయం నా చెవుల్లో పడిన గొంతుకు ముఖం ఉంటుందని, ఆ ముఖం మీద ఇంత కోపం ఉంటుందని అనుకోలేదు. దగ్గరికి వెళ్లి ఆమె భాషలోనే పలకరించాను. ఎగాదిగా చూసింది.

“ఇండియా దానివి కదా? నా భాష నువ్వెందుకు నేర్చుకున్నావు?”

“ఫెలోషిప్ ఉంది, ఓపా,” అన్నాను. ఓపా అంటే అక్క.

ఆమె నవ్వలేదు గాని పక్క కుర్చీ మీద ఉన్న తన మఫ్లరు తీసింది, కూర్చోమన్నట్టుగా. తాష్కెంట్‌లో స్కూలు టీచరట. ఈ దేశానికి వచ్చాక ఆస్పత్రిలో కాన్పుల వార్డుకు దుబాసీగా కుదిరింది. ఇంగ్లీషు రాని ఉజ్బెక్ ఆడపిల్లలు నొప్పులు పడుతుంటే డాక్టరు మాట వాళ్లకూ, వాళ్ల మాట డాక్టరుకూ అందించడం పని. అన్నేళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఆస్పత్రికి కొత్త నియమం వచ్చింది. నెలాఖరులోగా మా సర్టిఫికెట్ చూపించకపోతే ఆమెను ఇక డ్యూటీకి పిలవరు.

“పరీక్షలో ఏమన్నారు? పేషెంటు అత్తగారితో మాట్లాడుతున్నట్టు మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఆ ముసలమ్మ ఎదురుగా ఉన్నట్టే మాట్లాడాను. బిడ్డను కంటూ అరిచే పిల్ల ఏ విభక్తిలో అరుస్తున్నానో చూసుకుంటుందా? చెప్పు.”

చూసుకోదని ఒప్పుకున్నాను. తరవాత అడగకూడని ప్రశ్న అడిగాను. “ఓపా, మీరెప్పుడైనా మీ గొంతు రికార్డు చేయించారా?”

“వచ్చిన కొత్తలో. లైబ్రరీలో ఒక చిన్న గది. మీ ఇంటి గురించి చెప్పండన్నారు. క్లాసులో పాఠంలా చెప్పాను. గిఫ్ట్ కార్డు ఇస్తే బియ్యం కొనుక్కున్నాం. ఎందుకు?”

“ద్రాక్ష పందిరి దగ్గర మొదలుపెట్టారా?”

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. “మా అమ్మ వాకిట్లో పందిరుందని నీకెలా తెలుసు?” 

చెప్పకూడదు. కొలబద్ద ఎవరన్నది కొలబద్దకు కూడా చెప్పకూడదని నియమం. రేపు ఫోన్ చేస్తానని చెప్పి, ఆమెను కారు దాకా సాగనంపి, తిన్నగా మా డేటా మేనేజర్ గదికి వెళ్లాను. కరీంనగర్ మనిషి. పేర్లన్నీ దాచిపెట్టే తాళం అతని దగ్గరే ఉంటుంది. విషయం విని తలుపు మూశాడు.

“అక్కా, నువ్వు నన్ను ఏం అడుగుతున్నవో నీకు సమజ్ అయితుందా? ఆ ఫైల్ ఓపెన్ చేస్తే లాగ్‌ల పడ్తది. పొద్దుగూకేసరికి హెచ్ఆర్ కెళ్లి మెయిల్ వస్తది.”

“పేరు చూడొద్దు నాయనా. ఆమేనో కాదో చెప్పు చాలు.”

గడ్డం గోక్కున్నాడు. “పేరుకు లాక్ ఉన్నది గని గొంతుకు లేదు గదా. రెండు క్లిప్పులు పక్కపక్కకు పెట్టి వినిపిస్త. నేనేం చూడలే, నువ్వేం అడగలే.”

రెండూ విన్నాం. ఒకటి నిదానంగా, ప్రతి తోకా విడివిడిగా పలికే టీచరమ్మ. ఇంకొకటి గబగబా, సగం తోకలు మింగేస్తూ, మధ్యలో ముసలమ్మను ఊరడిస్తూ, చిన్నగా మందలిస్తూ మాట్లాడే మనిషి. అతనికి ఉజ్బెక్ ముక్క రాదు. అయినా హెడ్‌ఫోన్స్ తీసేసి, “భాష రాకున్నా తెలుస్తుందక్కా. ఈమెనే ఆమె. గని ఈమె మంచిగ మాట్లాడుతుంది, గా మొదటామె పాఠం అప్పజెప్తుంది” అన్నాడు. 

విషయం నేనే డైరెక్టరుకు చెప్పాను. మర్నాడు మీటింగు. మా డైరెక్టరు కొలతల శాస్త్రంలో పెద్ద చదువు చదివినాయన. ఆయన నోటివెంట ‘తప్పు’ అన్న మాట నేనెన్నడూ వినలేదు, ‘తేడా’ అనేవారు. ఒకసారి ఆఫీసు కారిడార్‌లో పైపు పగిలి నీళ్లొస్తే కూడా, తేమలో తేడా ఉందన్నారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, మీకోసం తెలుగులో రాస్తున్నాను.

మాజీ సైనికుడు ముందే ఎర్రబడిపోయి ఉన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, “నేను అనుకరణ అనుకున్నాను” అన్నాడు.

“అంటే ఆమె తనను తానే అనుకరించబోయి ఆ స్థాయి అందుకోలేకపోయిందన్న మాట,” అన్నాను.

డైరెక్టరు బోర్డు మీద ఒక గీత గీసి, దాని పక్కన ఇంకో గీత గీశారు. ఆయనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెది అయిదో మెట్టు అంటే రేటర్లు తప్పు, ఫెయిలైన ప్రతివాడూ రేపు తలుపు కొడతాడు. మూడో మెట్టే అంటే కొలబద్ద తప్పు, దాంతో కొలిచి ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ చిత్తుకాగితాలు. ఆయన ఆ రెండు గీతల వైపూ చూశారు. చూసి, పాము చావకుండా కర్ర విరగకుండా మార్గం కనిపెట్టారు.

“ఆమె ఫెయిల్ కాలేదు. పరీక్షలో వాడే సామగ్రితో ఆమెకు ముందే పరిచయం ఉంది. అందుచేత ఆమె పరీక్ష చెల్లదు. ఆ రెండు ఫలితాలూ రద్దుచేద్దాం. ఆమె రికార్డు శుభ్రంగా ఉంటుంది.”

“మళ్లీ రాయవచ్చా?”

“పరిచయం అలాగే ఉంటుంది కదా.”

“అయితే ఆమె తన గొంతు తాను మరిచిపోయేదాకా ఆగాలి,” అన్నాను.

“మంచి పాయింటు,” అని ఆయన రాసుకున్నారు. వెటకారం అర్థంకాని మనిషి ముందు వెటకారం చేయడమంత నీరసం ఇంకొకటి ఉండదు. నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఆఫీసులో ఆడది ఏడిస్తే దాన్నీ ఏదో తేడా కింద రాస్తారని మింగేశాను.

ఆ రోజు మధ్యాహ్నం తిండి మానేసి మా నియమావళి ముందేసుకుని కూర్చున్నాను. ఆ గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు ఆఫీసులో లేరు, రాసినవాళ్లతో సహా. అందులో ఒక సందు దొరికింది. మా రేటర్లకు సర్టిఫికెట్ అక్కర్లేదు. డిగ్రీ ఉండి, శిక్షణ పూర్తిచేస్తే చాలు. శిక్షణ పూర్తిచేసిన రేటర్‌ను ఆస్పత్రులు అయిదో మెట్టు మనిషిగానే చూస్తాయి. అంటే పరీక్ష రాయడానికి పనికిరాని మనిషి, పరీక్ష దిద్దడానికి నిక్షేపంగా పనికొస్తుంది. డైరెక్టరుకు చెబితే వెంటనే ఒప్పుకున్నారు. ఉజ్బెక్ రేటర్లు ఎలాగూ తక్కువే. నేను ఆమెకు ఫోన్ చేసి, డిగ్రీ కాగితాలు తీసుకుని రమ్మన్నాను. “మార్కులు వేయడమా? నేను జీవితమంతా చేసిందదే,” అంది. గొంతులో మొదటిసారి కులాసా వినిపించింది.

శిక్షణ ఇచ్చేది నేనే. ఆమె మంచి శిష్యురాలు కాదని మొదటి గంటలోనే తెలిసింది. నా పట్టిక చూసి, “ఇంత రంగులెందుకు? తివాచీ నేస్తున్నావా?” అంది. కాని చెవి గొప్పది. వినిపించిన ప్రతి రికార్డింగుకూ సరైన మెట్టే చెబుతూ వచ్చింది. రేటర్ అయ్యే ముందు చివరి ఘట్టం ఒకటుంది. కొలబద్దను వినిపిస్తారు. కొత్త రేటర్ దానికి అయిదు వేయాలి. వేయకపోతే చెవి సరిగా లేదని లెక్క, శిక్షణ ముగిసిపోతుంది. అందులో మరో అవకాశం లేదు. మామూలుగా ఆ ఘట్టం లాంఛనమే, ఎవరైనా అయిదే వేస్తారు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ద్రాక్ష పందిరి మొదలైన క్షణం నాకు ఆమె భుజాల్లోనే కనిపించింది. హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి జరిపి, “ఇది నేనే,” అంది.

“తెలుసు, ఓపా. చివరిదాకా విని మార్కు వేయండి.” అంతటితో ఆగలేకపోయాను. “అయిదు వేసేయండి. రేపటి నుంచి ఆస్పత్రికి వెళ్లిపోవచ్చు.”

చివరిదాకా విన్నది. ఒకచోట కళ్లు తుడుచుకుంది, అమ్మ పొయ్యి దగ్గర కాబోలు. ఆమె ఏదో ముచ్చట చెబుతుందని నేను ఎదురుచూస్తున్నాను.

“మూడు,” అంది.

“ఓపా!”

“ఈవిడకు అన్నీ వచ్చు. ఒక్కటీ జారదు. కాని ఎవరితో మాట్లాడుతోంది? ఎదురుగా మనిషి ఉన్నట్టే లేదు. కొత్త దేశం, తప్పు పలికితే ఏమంటారోనని భయం. ఈ గొంతుతో కాన్పు గదిలోకి వెళ్లిందనుకో, ఆ పిల్ల నొప్పులు ఆపుకుని లేచి నిలబడుతుంది, టీచరమ్మ వచ్చిందని. ఆస్పత్రికి ఈవిడ పనికిరాదు.”

“పనికిరాకపోతే పోయింది. మీ ఉద్యోగం చూసుకోండి.”

“మార్కు వేయమన్నావు. నేను ముప్పై మంది పిల్లల తల్లుల ముందు నిలబడి మార్కులు చెప్పినదాన్ని. నా కూతురికీ తక్కువ వేశాను ఒకసారి. నాకు వేయలేనా?”

మౌస్ మీద చెయ్యి పెట్టింది. ఆ చేతిని పట్టుకుని ఆపాలనిపించింది. ఆపితే ఆగే మనిషి కాదు. మూడు నొక్కింది. తెర ఎర్రబడింది. శిక్షణ విజయవంతం కాలేదనీ, మా సంస్థ పట్ల చూపిన ఆసక్తికి ధన్యవాదాలనీ వచ్చింది. ఆమె అది చదివి కోటు తొడుక్కుంది.

“చూడు సింగ్లిమ్,” అంది. నా చెల్లీ అని. “మూడే వేశాను. మీవాళ్లూ మూడే వేశారు. మనమంతా ఒకటే మాట మీద ఉన్నాం, ఇంకెందుకు ఏడుస్తావు?”

డైరెక్టరు ఆ ఫలితం చూసి నిజంగా సంతోషించారు. రేటర్లందరూ ఏకాభిప్రాయానికి రావడం కొలతల శాస్త్రంలో అరుదట. కొలబద్దను మార్చాలని నేను ఇచ్చిన అర్జీ కమిటీకి వెళ్లింది. ఇప్పటికీ కమిటీలోనే ఉందని విన్నాను. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నారు గనక చెబుతున్నాను, కమిటీకి వెళ్లిన కాగితం కోసం భోజనం మాని కూర్చోకండి.

నెలాఖరుకు ఆస్పత్రి ఆమెను డ్యూటీకి పిలవడం మానేసింది. ఆమె ఒక గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనికి కుదిరింది. కాన్పుల వార్డుకు ఇక ఫోన్‌లోనే దుబాసీ. దొరికినవాడు మా మాజీ సైనికుడే, చుట్టుపక్కల ఉజ్బెక్‌కు అయిదో మెట్టు సర్టిఫికెట్ ఉన్నది అతనికే. ఆఫీసు పనితోపాటు ఆ పనీ ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకు బ్రేక్‌రూమ్‌లో నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అక్కడ జరుగుతున్నది చెప్పాడు.

మొదటి కాల్‌లో అతను తన పరిచయ వాక్యాలన్నీ చక్కగా చదివాడట. అవతల పిల్ల నొప్పులతో ఏడుస్తోంది, జవాబు లేదు. ఇంతలో నర్సు అడిగింది, ఈ కోటు వేసుకున్నావిడ ఎవరు, లోపల ఎందుకుంది అని. ఆ పిల్ల “ఖోలమ్” అంది. మన హైదరాబాద్‌లో ఖాలా అంటారే, ఆ మాటే. మా పిన్ని, అని. బంధువు ఒకరు లోపల ఉండవచ్చని ఆస్పత్రి నియమం. ఆ తరవాతి వారం ఇంకో పిల్ల, ఆమెకూ అదే పిన్ని. ఆ తరవాత మరొకామె. గిడ్డంగి పని దిగి పిన్నిగారు నేరుగా వార్డుకు వస్తోంది. పిన్ని మాట్లాడుతుంది, పిల్ల వింటుంది, డాక్టరు చెప్పింది పిన్నే చెబుతుంది. నియమం ప్రకారం ఫోన్ లైను తెరిచే ఉండాలి. అతను అవతల నోరు మూసుకుని కూర్చుంటాడు, అతని మీటరు తిరుగుతుంది.

“నువ్వు నర్సుకు చెప్పలేదా, ఆవిడ ఎవరికీ పిన్ని కాదని?” అన్నాను.

“నా పని అనువాదం,” అన్నాడు. “ఆ పిల్ల ‘మా పిన్ని’ అంది. ‘మా’ అన్నది కూడా వదలకుండా చెప్పాను.” 

గుండె మీద చెయ్యి వేసుకోలేదు ఈసారి. ఆ మనిషిని నేను మొదటిసారి ఇష్టపడ్డాను.

ఏడాది తిరిగేసరికి ఆస్పత్రి నుంచి మా సంస్థకు ఒక అభినందన వచ్చింది. సర్టిఫికెట్ ఉన్న దుబాసీని పెట్టుకున్నప్పటి నుంచి ఉజ్బెక్ తల్లుల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట, అర్హత లేనివాళ్లను తీసేయడం ఎంత అవసరమో తమకిప్పుడు అర్థమైందట. డైరెక్టరు దాన్ని అందరికీ చదివి వినిపించి, ఫ్రేము కట్టించి లాబీలో తగిలించారు. నా రిటైర్‌మెంట్ కేకు దాని కిందే కోశారు.